ఇసుక, సబ్బు నురగ, ఒక ఎఫ్.ఐ.ఆర్.

మెట్రో సొరంగం వార్త ఎప్పుడొచ్చినా ఫోటో ఒకటే. గోడ బద్దలు కొట్టుకుని ఓ పెద్ద గుండ్రటి ఇనుప చక్రం బయటికొస్తుంది. దాని ముందు హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు చేతులూపుతుంటారు. పూలదండ, కొబ్బరికాయ సరేసరి. యంత్రానికో పేరు కూడా ఉంటుంది. బెంగుళూరులో ఊర్జా, తుంగ, భద్ర. చెన్నైలో ఫ్లెమింగో, పెలికాన్. కలకత్తాలో రచన, ప్రేరణ, చండి. యంత్రం ఎన్ని వందల టన్నులుందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో అన్నీ రాస్తారు. ఒక్క సంగతి మాత్రం దాదాపు ఎవరూ రాయరు. ఇసుక నేలలో ఆ యంత్రాన్నీ, దాని నెత్తిమీదున్న ఇళ్ళనీ కాపాడేదాంట్లో పెద్ద వాటా ఉక్కుది కాదు, సబ్బు నురగది.

అవును, నురగే. మనం తలకి రాసుకునే షాంపూలో ఉండే రకం రసాయనంతో చేసిన నురగ.

నేను సివిల్ ఇంజనీర్ని కాను. మానిటరింగు డాష్‌బోర్డులు తయారుచేసి బతికేవాణ్ణి. మా పెదనాన్నగారబ్బాయి మాత్రం ఓ మెట్రో సొరంగంలో (ఏ ఊరో ఎందుకులెండి) షిఫ్ట్ ఇంజనీరు. అతనితో వాదించగా, దొరికింది చదవగా నాకో అభిప్రాయం ఏర్పడింది. నురగ ఎంత పోశామన్నది తెరమీద చూసుకుని, ఆ నురగ కలిసిన మట్టి ఏమైందన్నది చూడకపోతే, మనం చూసుకుంటున్నది భద్రత కాదు, మన ఖర్చు మాత్రమే. ఇదే నేను చెప్పదలుచుకున్నది. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

ముందు యంత్రం సంగతి. మన మెట్రోలకి ఎక్కువగా వాడే టీబీఎం రకాన్ని ఈపీబీ అంటారు. భూమి ఒత్తిడిని భూమితోనే ఆపే యంత్రమన్నమాట. 1970లలో జపాన్‌లో వాడకంలోకి వచ్చింది. ముందున్న చక్రం మట్టిని గీరుతుంది. ఆ మట్టి చక్రం వెనకున్న గదిలోకి వస్తుంది. ఆ గదిలోంచి ఓ పెద్ద స్క్రూ మట్టిని బయటికి లాగి బెల్టు మీద పోస్తుంది. కిటుకంతా ఆ గదిలోనే ఉంది. గది ఎప్పుడూ మట్టితో నిండి, బిగుసుకుని ఉండాలి. ఆ మట్టే ఎదురుగా ఉన్న నేల కూలకుండా, నీళ్ళు దూసుకురాకుండా అడ్డం నిలబడుతుంది. స్క్రూని మెల్లగా తిప్పితే గదిలో ఒత్తిడి పెరుగుతుంది, వేగంగా తిప్పితే తగ్గుతుంది. ఎక్కువైతే పైన రోడ్డు ఉబ్బుతుంది, తక్కువైతే కుంగుతుంది.

బంకమట్టి అయితే ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. కాస్త నీళ్ళు కలిస్తే అదే ముద్దవుతుంది. (చక్రానికి అతుక్కుపోవడం దాని తలనొప్పి. అది వేరే కథ.) ఇసుకతో అసలు చిక్కు. ఇసుకని పిడికిట్లో పట్టుకుని చూడండి, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. రేణువుకీ రేణువుకీ మధ్య బంక లేదు, రాపిడి మాత్రం బోలెడు. పొడి ఇసుక గదిలో బిగిస్తే చక్రం తిరగడానికే మొరాయిస్తుంది, పళ్ళు అరిగిపోతాయి. అదే ఇసుక నీటిమట్టానికి కిందుంటే మరీ ప్రమాదం. స్క్రూ మూతి తెరవగానే ఇసుకా నీళ్ళూ కలిసి పంపులోంచి వచ్చినట్టు వచ్చేస్తాయి. గదిలో రెండు మూడు బార్ల ఒత్తిడి ఉంటుంది, బెల్టు దగ్గర మామూలు గాలి. ఆ తేడాని స్క్రూలో ఉన్న మట్టే మోయాలి. వట్టి ఇసుక మోయలేదు.

అందుకే నురగ. నీళ్ళలో సబ్బు రసాయనం కలిపి, గాలి కొట్టి, ఆ నురగని చక్రం మీదున్న రంధ్రాల్లోంచి ఇసుకలోకి పంపిస్తారు. బుడగలు రేణువుల మధ్య దూరి వాటిని విడదీసి పట్టుకుంటాయి. రాపిడి తగ్గుతుంది. నీళ్ళు పోయే సందులు మూసుకుంటాయి. ఇంకో మేలు కూడా ఉంది. బుడగలు నొక్కుకుంటాయి కాబట్టి స్క్రూ వేగం కాస్త అటూ ఇటూ అయినా గదిలో ఒత్తిడి ఒక్కసారిగా ఎగిరిపడదు, దిండులాగా సర్దుకుంటుంది. బాగా కలిసిన ఇసుక గారెల పిండిలా ఉండాలి. చేతిలోకి తీసుకుంటే నిలవాలి, నొక్కితే జారాలి. దోసెల పిండిలా కారినా ఇబ్బందే, అటుకుల్లా పొడిపొడిగా రాలినా ఇబ్బందే. కాంక్రీటుకి వాడే స్లంప్ కోన్ ఉంటుంది చూడండి, 30 సెంటీమీటర్ల ఎత్తుది, దాంట్లో ఈ మట్టి పోసి కోన్ ఎత్తేస్తే సుమారు 10 నుంచి 20 సెంటీమీటర్లు కుంగాలని చెప్తారు. నీళ్ళు దాంట్లోంచి సెకనుకి మిల్లీమీటరులో నూరో వంతు కంటే వేగంగా పోకూడదనీ, ఆ గుణం కనీసం గంటన్నర నిలవాలనీ పరిశోధకులు ఒక హద్దు పెట్టుకున్నారు. గంటన్నర ఎందుకంటే, తవ్వకం ఆపి రింగు బిగించే సేపు కూడా గదిలో మట్టి అలాగే నిలబడాలి కదా.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. మనవాళ్ళకి లెక్కలంటే ఇష్టమే కదా :)

నురగకి రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఎఫ్.ఐ.ఆర్. (పోలీసు స్టేషన్‌లో రాసేది కాదు, కంగారు పడకండి.) తవ్విన నేల ఘనపరిమాణంలో ఎన్నో వంతు నురగ పంపించామన్నది. రెండోది ఎఫ్.ఇ.ఆర్. ఒక లీటరు సబ్బునీళ్ళని ఎన్ని లీటర్ల నురగగా ఉబ్బించామన్నది. ఉదాహరణకి 6.6 మీటర్ల వ్యాసంతో తవ్వుతున్నారు, ఒక్కో రింగు 1.4 మీటర్లు అనుకోండి. ఒక రింగుకి సుమారు 48 ఘనపు మీటర్ల నేల. ఎఫ్.ఐ.ఆర్. 40 శాతం అంటే 19 ఘనపు మీటర్ల నురగ. ఎఫ్.ఇ.ఆర్. 12 అయితే దానికి కావల్సింది 1600 లీటర్ల సబ్బునీళ్ళు. అందులో రసాయనం 2 శాతం అంటే 32 లీటర్లు. అంతే! 48 ఘనపు మీటర్ల ఇసుకని లొంగదీసేది రెండు బకెట్ల రసాయనం. మిగిలిందంతా నీళ్ళూ గాలీ.

ఇక్కడే మొదటి బోల్తా. ఆ 40 శాతం ఎక్కడ కొలిచింది? బయటి గాలి ఒత్తిడి దగ్గరా, గదిలో ఒత్తిడి దగ్గరా? గదిలో గేజి 2 బార్లు చూపిస్తే, బయటి గాలితో కలిపి అసలు ఒత్తిడి 3 బార్లు. ఇంటర్మీడియట్‌లో చదువుకున్న బాయిల్ సూత్రమే, గాలి మూడో వంతుకి కుదించుకుపోతుంది. బయట 19 ఘనపు మీటర్లున్న నురగ లోపల ఏడున్నర అవుతుంది. 40 శాతం అనుకున్నది నిజానికి 16 శాతం. మన సాఫ్ట్‌వేర్‌లో ఒకడు మిల్లీసెకన్లలో పంపితే ఇంకోడు సెకన్లనుకుని చదివినట్టు. తెరమీద అంకె పచ్చరంగులోనే ఉంటుంది. ఆ అంకె దేని గురించో మాత్రం ఎవరూ అడగరు.

సరే, ఒత్తిడి సర్దుబాటు చేసే సూత్రం ప్రోగ్రాంలో పెట్టేశాం అనుకుందాం. అప్పుడు సరిపోతుందా? సరిపోదని హాలెండ్ వాళ్ళకి తెలిసింది. రాటర్‌డామ్ రేవు నుంచి జర్మనీ వైపు గూడ్సు రైళ్ళ కోసం వేసిన బేటువె మార్గంలో బాట్లెక్ అనే సొరంగం ఉంది, ఔడె మాస్ నది కింద. నీళ్ళతో నిండిన ఇసుకలో నురగ వాడి ఈపీబీతో తవ్వారు. ఆడమ్ బెజౌయెన్ అనే పరిశోధకుడు అక్కడి కొలతల్ని విశ్లేషించాడు. తేలిందేంటంటే, నురగ పనిచెయ్యాలంటే అది ఇసుక సందుల్లో ఉన్న నీటిని ముందుకు నెట్టి ఆ చోటు తను ఆక్రమించుకోవాలి. దానికి సమయం కావాలి. యంత్రం మెల్లగా వెళ్తే నురగ నీటిని నెట్టేస్తుంది, గదిలోకి వచ్చే మట్టి కాస్త పొడిగా ఉంటుంది. వేగంగా వెళ్తే నీరు పక్కకి పోయే లోపలే చక్రం దాన్ని కూడా గీరుకుని లోపలికి తెచ్చేస్తుంది, మట్టి పలచబడుతుంది. అంటే నురగ పాళ్ళు మార్చకుండా వేగం ఒక్కటే మార్చినా మట్టి మారిపోతుందన్నమాట. ఇన్‌పుట్ మారలేదు, అవుట్‌పుట్ మారింది. నేల వేరు, నీటిమట్టం వేరు, వేగం వేరు అయినప్పుడు ఒకచోట పనిచేసిన అంకెని ఇంకోచోట కాపీ పేస్ట్ చేస్తే ఎలా కుదురుతుంది?

ఓసారి పండక్కి కలిసినప్పుడు మా అన్నయ్యని ఇదే అడిగాను. "అన్నయ్యా, మీ కేబిన్ నిండా తెరలే కదా. ఇంకా బెల్టు దగ్గర మనిషిని పెట్టి మట్టి పిసికించడమేంటి, పాతకాలంలాగా?"

"ఒరేయ్, తెరమీద నేను పోసింది ఉంటుందిరా. అది ఏమయిందో బెల్టు మీదికొస్తేనే కదా తెలిసేది" అన్నాడు.

"మరి ఆ పిసికేవాడు బాలేదంటే ఆపేస్తారా?"

కాసేపు మాట్లాడలేదు. "వాడు నాకు చెప్తాడు. నేను పైవాళ్ళకి చెప్తాను. వాళ్ళు ఈ రోజు ఎన్ని రింగులయ్యాయని అడుగుతారు" అన్నాడు.

నాకు ఈ సంభాషణ బాగా పరిచయమున్నట్టు అనిపించింది. మీకూ అనిపించే ఉంటుంది. విడుదల తేదీ దగ్గర పడ్డప్పుడు టెస్టరు అమ్మాయి ఏదో చెప్పబోతే మన మీటింగుల్లో ఏమవుతుందో మనకి తెలుసు. తేడా ఏంటంటే, మన దగ్గర సర్వరు పడుకుంటే మళ్ళీ లేపొచ్చు.

ఇక్కడ పడుకునేది ఇల్లు. పోర్చుగల్‌లోని పోర్తో మెట్రోలో జరిగింది చూడండి. అక్కడి నేల ఇసుక కాదు, కుళ్ళిన గ్రానైటు. కొన్నిచోట్ల గట్టి రాయి, కొన్నిచోట్ల పిండైపోయిన రాయి. యంత్రం ఈపీబీయే. గదిని పూర్తిగా మట్టితో నింపకుండా, పై భాగంలో గాలి ఒత్తిడితో నడిపిన సందర్భాలున్నాయి. 2001 జనవరిలో పైనున్న ఓ ఇల్లు కూలి ఒకరు చనిపోయారు. తవ్వాల్సిన దానికంటే ఎక్కువ మట్టి లోపలికి రావడం, ఆ సంగతి వేళకి తెలియకపోవడం ఆ ప్రాజెక్టు నేర్పిన పెద్ద పాఠాలు. పని ఆపి, పద్ధతులు మార్చి, బయటికొచ్చే మట్టిని తూకం వెయ్యడం మీద గట్టి నిఘా పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు.

తూకమే ఎందుకు? ఇది నురగకి సంబంధించిన ఇంకో చిక్కు. నురగ కలిసిన మట్టి ఉబ్బుతుంది. ఎన్ని తొట్లు నిండాయో లెక్కపెడితే అందులో గాలెంతో మట్టెంతో తెలియదు. బరువుకి ఆ మోసం లేదు, గాలి బరువు తూగదు కదా. మన 48 ఘనపు మీటర్ల రింగుకి తడి ఇసుక సుమారు 96 టన్నులు రావాలి. పంపిన సబ్బునీళ్ళు తీసేశాక కూడా 106 టన్నులు వచ్చిందంటే, పైన ఎక్కడో ఐదు ఘనపు మీటర్ల ఖాళీ ఏర్పడిందని అర్థం. ఓ చిన్న స్నానాలగదంత! అది వెంటనే రోడ్డు మీద కనపడకపోవచ్చు. మెల్లమెల్లగా పైకి పాకి, ఏ వాన పడ్డ రాత్రో బయటపడొచ్చు. పోనీ ఒత్తిడి సెన్సారు చెప్పదా అంటే, అదీ ఒక్కోసారి ముంచుతుంది. యంత్రం ఎక్కువసేపు ఆగితే బుడగలు పగిలి గాలి గది పైభాగానికి చేరుతుంది, ఇసుక కిందికి దిగుతుంది. పైనున్న సెన్సారు 2 బార్లనే చూపిస్తుంది. కానీ అది గాలి ఒత్తిడి, అక్కడ మట్టి లేదు.

మన దగ్గరి సంగతులు మనకి గుర్తుండే ఉంటాయి. 2017 ఏప్రిల్ 9న చెన్నై అన్నాసాలైలో, మెట్రో సొరంగం పని జరుగుతున్న చోట, రోడ్డు కుంగి ఓ సిటీ బస్సూ ఓ కారూ గోతిలోకి దిగిపోయాయి. అదృష్టం బాగుండి ప్రాణాలు పోలేదు. 2019 ఆగస్టు 31న కలకత్తా బౌబజార్లో చండి అనే టీబీఎం నీటి పొరని తాకింది. నీళ్ళూ మట్టీ లోపలికి రావడంతో పైన ఇళ్ళు బీటలు వారి కొన్ని కూలిపోయాయి. కట్టుబట్టలతో బయటికొచ్చిన కుటుంబాలెన్నో. 2018 ఫిబ్రవరి 7న చైనాలోని ఫోషాన్‌లో సొరంగం లోపలికి నీరూ ఇసుకా చొరబడి 11 మంది పనివాళ్ళు చనిపోయారు. వీటన్నిటికీ కారణం నురగేనని నేను అనట్లేదు. ఒక్కోదానికి ఒక్కో కారణం. నేననేదల్లా నీళ్ళున్న ఇసుకకి దయాదాక్షిణ్యాలు ఉండవని. పొరపాటు జరిగితే నష్టపోయేది నిర్ణయం తీసుకున్నవాడు కాదు. పైన నిద్రపోతున్నవాడూ, లోపల షిఫ్టులో ఉన్నవాడూ.

"అయితే బోలెడంత నురగ పొయ్యండి, పోయేదేముంది" అంటారా? పోతుంది. గాలి ఎక్కువైతే అది నేలలో సందు చూసుకుని పైకి తన్నుకొచ్చే ప్రమాదం ఉంది, ఆ సందుతో పాటే ఒత్తిడీ పోతుంది. మట్టి పలచబడి స్క్రూ ఆపలేనంతగా కారుతుంది. ఇంకా, ఆ మట్టంతా ఊరి బయట ఏదో పల్లంలో పోస్తారు. ఆ రసాయనాలు కొన్నాళ్ళకి సూక్ష్మజీవుల వల్ల విరిగిపోయేవే అయినా ఆ కొన్నాళ్ళూ పక్క చెరువులో చేపకి కష్టమే. ఇటలీలో సొరంగపు మట్టిలో ఈ సబ్బు రసాయనం ఎన్నాళ్ళు ఉంటుందో కొలిచి చూశాకే దాన్ని తిరిగి వాడుకోవడం గురించి ఆలోచించారు. కాబట్టి ఎక్కువ పొయ్యడం కూడా జాగ్రత్త కిందికి రాదు.

మన ఐటీ మిత్రులు ఇంకో మాట అంటారు. "ఇదంతా ఏఐకి అప్పజెప్పేస్తే పోలేదా?" అని. ఉన్నాయి, టీబీఎంలని తమంతట తామే నడిచేలా చేసే ప్రయత్నాలు. మలేషియాలో ఎంఎంసీ గముడా సంస్థ 2019లోనే అలాంటిది సొరంగంలోకి దింపింది. నేను వాటికి వ్యతిరేకిని కాను, నా పొట్టకూడు కూడా అటువైపే ఉంది. కానీ ఒక్క ప్రశ్న. ఆ మోడల్ దేన్ని చూసి నేర్చుకుంటుంది? చక్రం టార్కు, ఒత్తిడి, నురగ పాళ్ళు సెకను సెకనుకీ డేటాబేసులో ఉంటాయి. మట్టి ఎలా వచ్చింది, స్లంప్ ఎంత అన్నది? చాలాచోట్ల షిఫ్ట్ రిజిస్టర్లో "బాగుంది" అని ఓ మాట, దాని కింద సంతకం. అంటే ఇన్‌పుట్లు కోట్లకొద్దీ ఉన్నాయి, సరైన జవాబు కాలమ్ మాత్రం ఖాళీ. అలాంటి డేటా మీద నేర్చుకున్న మోడల్ మనం ఇన్నాళ్ళూ ఎలా పోశామో అలాగే పొయ్యడం నేర్చుకుంటుంది. అది సరో కాదో దానికీ తెలియదు.

నాకు తోచిన మూడు మాటలు చెప్తాను.

మొదటిది, డబ్బు. చాలా కాంట్రాక్టుల్లో సొరంగానికి మీటరు లెక్కన డబ్బిస్తారు, నురగ ఖర్చు అందులోనే కలిసిపోతుంది. అప్పుడు ప్రతి లీటరూ కాంట్రాక్టరు లాభంలోంచి పోయేదే. నేల అడుగుతున్నా చెయ్యి వెనకాడుతుంది. నురగకీ, దాంతో కలిపే పాలిమర్లకీ వాడిన కొద్దీ విడిగా చెల్లించాలి. పక్కనే మట్టి పరీక్ష ఫలితం ఉంటేనే ఆ బిల్లు చెల్లాలి. అప్పుడు తక్కువ పొయ్యాలన్న ఆశా ఉండదు, ఎక్కువ పోసి బిల్లు పెంచే వీలూ ఉండదు.

రెండోది, అధికారం. బెల్టు దగ్గర మట్టి చూసే మనిషికి యంత్రం ఆపించే హక్కు ఉండాలి. ఆపినందుకు సంజాయిషీ అడగకూడదు. ఫ్యాక్టరీల్లో తాడు లాగి లైను ఆపే పద్ధతి ఉంది కదా, అలాంటిదే.

మూడోది, లెక్క బయటపెట్టడం. ప్రతి రింగుకీ ఎన్ని టన్నులు రావాలి, ఎన్ని వచ్చాయి, పైన నేల ఎన్ని మిల్లీమీటర్లు కుంగింది. ఈ మూడు కాలమ్స్ చాలు. ప్రజల డబ్బుతో, ప్రజల ఇళ్ళ కింద తవ్వుతున్నప్పుడు ఇందులో వ్యాపార రహస్యం ఏముంది? ఆ ఫైలు నెలకోసారి వెబ్‌సైట్లో పెడితే, దాన్ని చదివి బొమ్మలు గీసి, తేడా ఉంటే పట్టుకునేవాళ్ళు మనలోనే వందలమంది ఉన్నారు. శని ఆదివారాల్లో క్రికెట్ స్కోర్లని విశ్లేషించే తెలివితేటలు దీనికి పనికిరావా ఏంటి?

హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు మనకెందుకులే అనుకోవచ్చు. నిజమే, అక్కడ కింద ఉన్నది నల్లరాయి, ఇప్పుడు తిరుగుతున్న మెట్రో అంతా స్తంభాల మీదే. కానీ మనవాళ్ళు సగంమంది చెన్నై, బెంగుళూరుల్లోనే కదా ఇళ్ళు కొనుక్కుంటున్నది. రేపెప్పుడో కృష్ణ ఒడ్డున విజయవాడ కింద సొరంగం తవ్వుదామని ఎవరైనా అంటే అప్పుడు ఇసుకా మనదే, ఇళ్ళూ మనవే.

ఈసారి మీ అపార్టుమెంటు కింద సొరంగం వెళ్తోందని మెట్రో వాళ్ళు మీటింగు పెడితే వెళ్ళండి. యంత్రం ఏ దేశానిదని అడక్కండి, అది వాళ్ళే చెప్తారు. "రింగుకి ఎన్ని టన్నుల మట్టి రావాలి, నిన్న ఎన్ని వచ్చింది, చూసినవాళ్ళెవరు?" అని అడగండి. జవాబు వెంటనే వస్తే ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి. రాకపోతే వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.